తలుపు తట్టేది ఎవరు? మార్కెట్ సర్వే సంస్థను ఎంచుకోవడంలో నా అనుభవం

అనంతపురంలో మా కుటుంబానికి వేరుశనగ నూనె మిల్లు ఉంది. ఇంతకాలం మా నూనెలో ఎక్కువ భాగం 15 కిలోల డబ్బాల్లో హోటళ్లకు, మిఠాయి అంగళ్లకు, టోకు వ్యాపారులకు పోయేది. లీటరు బాటిళ్లలో సొంత పేరుతో ఇళ్లకు చేర్చాలనుకున్నప్పుడు, నింపే యంత్రానికి, లేబుళ్లకు, సరుకు అప్పుగా ఇవ్వవలసిన అంగళ్లకు అయ్యే పెట్టుబడిని లెక్క వేసుకుని, ముందుగా అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లో ఇళ్లవాళ్లు ఏ నూనె కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో తెలుసుకుందామని నిర్ణయించాం. ఆ పని చేసిపెట్టే సంస్థను వెతికి కుదిర్చే బాధ్యత నా మీద పడింది.

మా చిన్నాయనకు ఇది మొదట నచ్చలేదు. "అంగట్లో కూర్చుంటే వచ్చినోళ్లే చెప్తారు కదప్పా, దానికి లక్షలు పోసి అడిగించాల్నా?" అన్నారు. ఆయన మాటలో బలం లేకపోలేదు, నలభై ఏళ్లుగా ఆయన ఆ అంగట్లోనే కూర్చున్నారు. అయితే మా అంగడికి వచ్చేవాళ్లు ఇప్పటికే వేరుశనగ నూనె వాడేవాళ్లు. సన్‌ఫ్లవర్ ప్యాకెట్‌కు మారిపోయిన ఇల్లాలు మా గుమ్మం తొక్కదు, ఎందుకు మారిందో మాకు చెప్పదు. బాటిల్ అమ్మవలసింది ఆమెకే కాబట్టి ఆమె ఇంటికే వెళ్లి అడగాలని చెప్పాక, చిన్నాయన ఖర్చుకు ఒక పరిమితి పెట్టి ఒప్పుకున్నారు.

ఏ సంస్థనూ పిలవకముందే మాకు కావలసింది రెండు పేజీల్లో రాసుకున్నాం. దానిలో ప్రశ్నల పట్టిక పెట్టలేదు, మేము తీసుకోవలసిన నిర్ణయాలు మాత్రమే పెట్టాం: యంత్రం ఇప్పుడు కొనాలా, ఒక ఏడాది బయట నింపించాలా, లీటరు ధర పెద్ద బ్రాండ్ల కంటే ఎంత ఎక్కువ ఉంటే జనం భరిస్తారు, మూడు పట్టణాల్లో దేనితో మొదలుపెట్టాలి. ఎంతమందిని అడగాలో మేము చెప్పలేదు. మా ఖర్చు పరిమితిని మాత్రం స్పష్టంగా రాశాం. బేరంలో మన అంకె ముందు చెప్పకూడదని వ్యాపారులంతా అంటారు గానీ, ఈ పనిలో అది కుదరదని నా అభిప్రాయం. అంకె చెప్పకపోతే ఒకరు 200 మంది సర్వేకు, ఇంకొకరు 2000 మంది సర్వేకు కొటేషన్ పంపుతారు, ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడటానికి వీలే ఉండదు.

ఈ రంగంలోని సంస్థల సంఘంగా 1988లో ఏర్పడిన మార్కెట్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా సభ్యుల నుంచి కొందరిని, బెంగళూరులో సరుకుల కంపెనీల్లో పనిచేసే పరిచయస్తులు చెప్పినవాళ్లను కొందరిని తీసుకుని ఐదారు సంస్థలకు ఆ కాగితం పంపాం. వాటిలో దేశమంతటా శాఖలున్న పెద్ద సంస్థ ఉంది, హైదరాబాదులోని మధ్యస్థాయి సంస్థలున్నాయి, ఇళ్లకు వెళ్లి అడిగి వచ్చే ఫీల్డ్ పని మాత్రమే చేసే సంస్థ ఉంది, ఫోన్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ అడిగేవాళ్లు ఉన్నారు. వచ్చిన ధరల్లో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య దాదాపు మూడింతల తేడా ఉంది, కొందరు 18 శాతం జీఎస్టీ కలిపి రాశారు, కొందరు కలపలేదు.

ఆన్‌లైన్ సంస్థ ధర అన్నిటికంటే తక్కువ. ఆన్‌లైన్ శాంపిల్‌ను, అంటే సర్వేలకు జవాబిచ్చే సభ్యుల జాబితాను, కొనేవాళ్లు అడగవలసిన ప్రశ్నలను ఎసోమార్ అనే అంతర్జాతీయ సంఘం ఒక పట్టికగా ఇచ్చింది. సభ్యులను ఎక్కడి నుంచి చేర్చుకుంటారు, ఒకే మనిషి రెండు పేర్లతో రాకుండా ఎలా ఆపుతారు, నెలకు ఎన్ని సర్వేలు ఒకరికే పంపుతారు వంటి ప్రశ్నలను అందులోంచి తీసుకుని అడిగాను. జవాబులు దేశం మొత్తానికి బాగానే ఉన్నాయి. కడపలో నలభై దాటిన గృహిణులు మీ జాబితాలో ఎంతమంది అని అడిగితే మాత్రం సూటిగా అంకె రాలేదు. నూనె కొనే నిర్ణయం చేసేది ఆమే కాబట్టి ఆ దారిని అక్కడితో వదిలేశాం.

మిగిలినవాళ్లలో ఎవరు మా కాగితాన్ని నిజంగా చదివారో తెలుసుకోవడానికి ఒక చిన్న విషయం అనుకోకుండా ఉపయోగపడింది. ఇంట్లోని పెద్దవాళ్లలో ఎవరిని ప్రశ్నించాలో పక్షపాతం లేకుండా ఎంచుకోవడానికి లెస్లీ కిష్ 1949లో ప్రతిపాదించిన ఒక పట్టిక ఉంది, దాన్ని కిష్ గ్రిడ్ అంటారు. ఎన్నికల సర్వేకు, ఆరోగ్య సర్వేకు అది మంచి సాధనం. మాకు కావలసింది ఇంట్లో ఏ నూనె రావాలో తేల్చే ఒక్క మనిషి, ఆ సంగతి కాగితంలో రాశాం కూడా. అయినా ఒక ప్రపోజల్‌లో కిష్ గ్రిడ్ గురించి ఒక పేజీ నిండా గొప్పగా ఉంది. ఆ పేజీ వేరే పని కోసం రాసింది, మాకు పంపేటప్పుడు ఎవరూ తీయలేదు.

దీనికి భిన్నంగా, హైదరాబాదులోని ఒక మధ్యస్థాయి సంస్థ నుంచి మాట్లాడిన మేడమ్ ధర గురించి ఎత్తకముందే, జాతీయ గణాంక కార్యాలయం 2022-23లోనూ 2023-24లోనూ జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వేను చూశారా అని అడిగారు. రాష్ట్రంలో పల్లెల్లో, పట్టణాల్లో తలసరి ఏ నూనె ఎంత వాడుతున్నారో అందులో ఉంటుందని, దానికి మీరు డబ్బు పెట్టనక్కర లేదని, ఆ భాగం తీసేస్తే ప్రశ్నావళి పొట్టిదవుతుందని చెప్పారు. ప్రశ్నావళి పొట్టిదైతే వాళ్ల బిల్లు కూడా తగ్గుతుంది. తన బిల్లు తగ్గే సలహాతో మాట మొదలుపెట్టిన సంస్థ మా జాబితాలో అదొక్కటే.

ఎంతమందిని అడగాలన్నది తర్వాతి చర్చ. దాదాపు అందరూ 400 అన్నారు, అటూ ఇటూ 5 శాతం తేడాతో సరైన లెక్క వస్తుందన్నారు. ఆ మాట నిజమే, యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మందికి నూటికి 95 సార్లు ఆ హద్దు వర్తిస్తుంది. కానీ మా ప్రశ్న మూడు పట్టణాలను పోల్చడం గురించి. 400ను మూడుగా పంచితే ఊరికి 133 మంది వస్తారు, అప్పుడు తేడా ఎనిమిదిన్నర శాతం వరకు పోతుంది. కర్నూలులో 40 శాతం, కడపలో 48 శాతం అని వస్తే అది నిజమైన తేడానో లెక్కలోని ఊగిసలాటో చెప్పలేం. ప్రతి ఊరికీ 5 శాతం హద్దు కావాలంటే ఊరికి దాదాపు 400 చొప్పున 1200 ఇళ్లు కావాలి. పెద్ద సంస్థ ప్రతినిధి ఈ సంగతిని తెల్లకాగితం మీద లెక్క వేసి చూపించారు. హైదరాబాదు మేడమ్ ఇంకొక అడుగు ముందుకు వేసి, వయసు, ఆదాయం వారీగా కోటాలు పెట్టి నింపే సర్వేకు ఈ హద్దులు ఖచ్చితంగా వర్తించవని, వర్తిస్తాయని రాసిచ్చేవాళ్లను నమ్మవద్దని చెప్పారు. చివరకు మూడింటినీ సమానంగా చూడాలన్న పట్టుదల వదిలి, అనంతపురం మాకు బాగా తెలిసిన ఊరే కాబట్టి అక్కడ తక్కువ ఇళ్లు, కర్నూలు, కడపల్లో ఎక్కువ ఇళ్లు పెట్టుకున్నాం.

ఇళ్లను దేని ఆధారంగా ఎంచుకుంటారని అడిగినప్పుడు కొందరు 2011 జనాభా లెక్కలని చెప్పి ఊరుకున్నారు. 2021లో జరగవలసిన లెక్కలు వాయిదా పడ్డాయి కాబట్టి చేతిలో ఉన్నవి అవే, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అయితే అనంతపురంలో రుద్రంపేట, కక్కలపల్లి వైపు, కర్నూలులో కల్లూరు వైపు ఆ తర్వాత లేచిన కాలనీలు ఎన్నో ఉన్నాయి. బాటిల్ నూనె కొనగలిగే కొత్త ఉద్యోగుల ఇళ్లు చాలావరకు ఆ కాలనీల్లోనే ఉన్నాయి. తాజా ఓటర్ల జాబితా నుంచి పోలింగ్ కేంద్రాలను లాటరీ పద్ధతిలో తీసి, ఒక్కో కేంద్రం పరిధిలో ఒక ఇంటి నుంచి మొదలుపెట్టి, కుడివైపుగా నడుస్తూ ఒక సర్వే అయ్యాక కొన్ని ఇళ్లు వదిలి తర్వాతి తలుపు తట్టే పద్ధతిని ఇద్దరు ప్రతిపాదించారు. ఆ ఇద్దరినీ జాబితాలో ఉంచాం.

కుటుంబాల స్థాయి కొలిచే పద్ధతి మీద నాకు మొదటి నుంచీ ఒక సందేహం ఉంది. ఇక్కడ ఎక్కువగా వాడుతూ వచ్చిన ఎన్‌సీసీఎస్ పద్ధతి ప్రధానంగా సంపాదించే వ్యక్తి చదువును, ఇంట్లో పదకొండు రకాల ఆస్తుల్లో ఎన్ని ఉన్నాయన్న లెక్కను కలిపి ఏ1 నుంచి ఈ3 వరకు శ్రేణులు ఇస్తుంది. ఫ్యాను, ఫ్రిజ్, మోటార్‌సైకిల్‌తో పాటు వ్యవసాయ భూమి కూడా ఆ పదకొండింటిలో ఒకటి. కేసీ కెనాల్ కింద మాగాణి ఉన్న కుటుంబానికీ, మా వైపు బోరు ఎండిపోయి బీడుపడిన ఐదెకరాల మెట్ట ఉన్న కుటుంబానికీ ఆ ఖాతాలో ఒకే టిక్కు పడుతుంది. దీన్ని ఏం చేస్తారని ప్రతి సంస్థనూ అడిగాను. ఒకరు అది జాతీయ ప్రమాణం, మార్చకూడదన్నారు. మేడమ్ మాత్రం, రీసెర్చ్ సొసైటీ తర్వాత తెచ్చిన ఐసెక్ పద్ధతి వస్తువులను, భూమిని వదిలిపెట్టి సంపాదించే వ్యక్తి వృత్తిని, ఇంట్లోని స్త్రీపురుషుల చదువును చూస్తుందని, దాన్నే వాడదామని చెప్పారు.

ఇంతవరకు కాగితాల మీద తేలింది. అసలు తేడాలు బయటపడింది ఫీల్డ్ గురించి అడిగినప్పుడే. సమావేశానికి వచ్చిన పెద్దమనుషుల్లో ఎవరూ కడప చిన్నచౌకులో తలుపు తట్టరు, తట్టేది రోజుకూలీ మీదనో ఫారం లెక్కన డబ్బు తీసుకునో వచ్చే ఒక అమ్మాయి. ఆమె ఇంటికి వెళ్లి అడిగిందా, చెట్టు కింద కూర్చుని నింపిందా అన్నదాని మీదే మిగతా విశ్లేషణ అంతా నిలబడుతుంది. అందుకని ప్రతి సంస్థనూ అవే ప్రశ్నలు అడిగాను: ఫీల్డ్ మనుషులు మీ జీతగాళ్లా, మరో సంస్థ మనుషులా? ఫారానికి ఎంత ఇస్తారు? రోజుకు ఎన్ని అవుతాయని లెక్క వేశారు? తాళం వేసిన ఇంటికి మళ్లీ ఎన్నిసార్లు వెళ్తారు? కర్నూలు పాతబస్తీలో, కడపలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలోకి ఎవరు వెళ్తారు?

పెద్ద సంస్థ రాయలసీమలో తన ఫీల్డ్ పనిని వేరే సంస్థకు అప్పగిస్తుందని అప్పుడే తెలిసింది. అది దాచవలసిన విషయమేమీ కాదు, ఈ రంగంలో మామూలే. ఆ రెండో సంస్థ పేరు, దాని సూపర్‌వైజర్ ఎవరు అన్నవి ఒప్పందం అయ్యాకే చెబుతామనడమే నాకు నచ్చలేదు. మరొక సంస్థ ఒక్కో మనిషి రోజుకు ఇరవై ఇళ్లు పూర్తి చేస్తాడని రాసింది. ఇరవై నిమిషాల ప్రశ్నావళి, మధ్యలో వదలవలసిన ఇళ్లు, తీయని తలుపులు, మాకు తీరిక లేదనేవాళ్లు, అన్నీ కలుపుకుంటే ఆ లెక్క ఎలా కుదురుతుందని అడిగితే, మా వాళ్లకు అలవాటు అన్నారు. ఫీల్డ్ పని మాత్రమే చేసే సంస్థలో నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక సూపర్‌వైజరు ఉన్నారు. ఆయనను అదే అడిగాను.

"సార్, ఏడెనిమిది అయితే గొప్ప. ఇరవై అయితాయని ఎవరన్నా చెప్పింటే, వాళ్లు ఇండ్లకు పోలేదనుకోండి. మగపిల్లోళ్లను పంపితే మధ్యాహ్నం పూట ఆడోళ్లు తలుపు తియ్యరు, తీసినా నిలబడి మాట్లాడరు. పాత ఊర్లో ఉర్దూ వచ్చిన ఆడపిల్లలే పోవల్ల" అన్నారాయన. ఆ రోజు విన్న మాటల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి ఇవే. ఆయన సంస్థకు విశ్లేషణ చేసే మనుషులు లేరు కాబట్టి పని మొత్తం వాళ్లకు ఇవ్వలేకపోయాం.

హైదరాబాదు సంస్థకు మూడు పట్టణాల్లో సొంత జీతగాళ్లు లేరు, కానీ గతంలో తమతో పనిచేసిన మహిళల జాబితా ఉంది, వాళ్లకు ఫారం లెక్కన కాక రోజుకూలీ ఇస్తారు. రోజుకూలీ ఇస్తే పని నెమ్మదిస్తుందని చిన్నాయన అన్నారు. మిల్లులో ఆయన అనుభవం అలాంటిది. ఫారం లెక్కన ఇస్తే దొంగ ఫారాలకు మనమే ఆశ చూపినట్టవుతుందని నేను అన్నాను. సమాధానాలు ట్యాబ్‌లో నింపుతారని, ప్రతి సర్వేకూ మొదలైన సమయం, ముగిసిన సమయం, జీపీఎస్ స్థానం నమోదవుతాయని, అడిగిన ఇంటి అనుమతితో కొన్ని ప్రశ్నల దగ్గర గొంతు రికార్డు అవుతుందని, 20 శాతం ఇళ్లకు వేరే మనిషి మళ్లీ వెళ్లి లేదా ఫోన్ చేసి సరిచూస్తాడని వాళ్లు రాసిచ్చారు. మార్కెట్ రీసెర్చ్‌కు ఐఎస్ఓ 20252 అనే ప్రమాణం ఉంది, కొన్ని సంస్థలు ఆ సర్టిఫికెట్‌ను ముందు పేజీలోనే వేశాయి. సర్టిఫికెట్ ఉండటం మంచిదే. కానీ అదే ప్రమాణంలో ఉన్న సరిచూపు పనిని మా సర్వేలో ఎలా చేస్తారని అడిగితే వివరంగా చెప్పినవాళ్లు ఇద్దరే.

ధర గురించిన ప్రశ్న ఎలా అడగాలన్నది కూడా ఎంపికలో లెక్కకు వచ్చింది. "ఈ నూనెను ఎంతకు కొంటారు?" అని సూటిగా అడిగితే బేరం మొదలుపెట్టినట్టు అనుకుని అందరూ తక్కువే చెబుతారు. డచ్ ఆర్థికవేత్త పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ 1976లో ప్రతిపాదించిన నాలుగు ప్రశ్నల పద్ధతిని ఇద్దరు సూచించారు: ఏ ధర దగ్గర చౌకగా అనిపిస్తుంది, ఏ ధర దగ్గర ఎక్కువనిపిస్తుంది, ఎంత ఎక్కువైతే అసలు కొనరు, ఎంత తక్కువైతే నాణ్యత మీద అనుమానం వస్తుంది. ఈ చివరి ప్రశ్న వేరుశనగ నూనెకు అచ్చంగా సరిపోతుంది. లీటరు మరీ తక్కువకు ఇస్తే పామాయిల్ కలిపారని మా ఊళ్లో ఎవరైనా అంటారు. రుచి పరీక్ష విషయంలో, హాలులో కూర్చోబెట్టి బజ్జీలు తినిపిస్తామని ఒక సంస్థ చెప్పింది. పేరు లేని బాటిల్ ఇంటికి ఇచ్చి, వారం రోజులు వాళ్ల ఉగ్గానిలో, చిత్రాన్నంలో, తిరగమోతలో వాడించి అప్పుడు అడుగుదామని హైదరాబాదు సంస్థ చెప్పింది. రెండోదానికి ఖర్చు ఎక్కువ, అయినా నూనె మంచిచెడ్డలు తేలేది ఇంటి పొయ్యి మీదే కదా.

చివరి వడపోత చిన్నాయన కోరిక వల్ల జరిగింది. సర్వేలో వచ్చిన ఫోన్ నంబర్లన్నీ తీసుకుంటే బాటిల్ వచ్చిన రోజు వాళ్లందరికీ ఫోన్ చేయవచ్చని ఆయన ఆశపడ్డారు. అదే మాట సంస్థలను అడిగాను. ఒకరు ఎక్సెల్ ఫైల్లో పెట్టి ఇస్తామని సంతోషంగా ఒప్పుకున్నారు. హైదరాబాదు సంస్థ కుదరదని చెప్పింది. పరిశోధన పేరుతో అడిగి అమ్మకానికి వాడటం ఈ రంగంలో అందరూ పాటించవలసిన అంతర్జాతీయ వాణిజ్య మండలి (ఐసీసీ), ఎసోమార్ నియమావళికి విరుద్ధమని, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్ట్యా కూడా సర్వే కోసమని తీసుకున్న నంబరును వేరే పనికి ఇవ్వబోమని వివరించారు. నంబర్లు ఇస్తామన్న సంస్థ రేపు మా జవాబులను మా పోటీదారుకు ఇవ్వదని నమ్మకమేమిటని నేను అడిగేసరికి చిన్నాయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ కుదరదన్నోళ్లకే ఇయ్యప్పా" అన్నారు. వాళ్ల ధర జాబితాలో కనిష్ఠం కాదు, గరిష్ఠం కూడా కాదు. మా పరిమితికి కొంచెం పైన ఉంటే, అనంతపురంలో ఇళ్లు ఇంకొన్ని తగ్గించి సరిపెట్టాం.

ఒప్పందంలో మేము పట్టుబట్టిన షరతులు కొన్ని ఉన్నాయి. మాకు చెప్పకుండా ఫీల్డ్ పనిని మరొకరికి అప్పగించకూడదు. శిక్షణ రోజున, ఫీల్డ్‌లో ఏ రోజునైనా మా మనిషి చూడటానికి రావచ్చు, అయితే నోరు విప్పకూడదు. పేర్లు, నంబర్లు తీసేసిన ముడి సమాచారం మొత్తం మాకు ఇవ్వాలి. సరిచూపులో తేలిన తప్పుడు ఫారాలను వాళ్ల ఖర్చుతో మళ్లీ చేయాలి. డబ్బు సగం ముందు, 30 శాతం సరిచూపు నివేదిక అందాక, మిగిలింది చివరి నివేదిక మీద. సంక్రాంతి ముందు వారాల్లోనూ రంజాన్ నెలలోనూ ఫీల్డ్ పెట్టకూడదన్న షరతును మాత్రం వాళ్లే చేర్చారు. పండుగ వంటల రోజుల్లో నూనె కొనుగోలు మామూలుగా ఉండదు, ఉపవాసం ఉన్న ఇంటి తలుపు మధ్యాహ్నం తట్టి ఇరవై నిమిషాలు అడగడం మర్యాద కూడా కాదు.

ఫీల్డ్ నడుస్తుండగా కర్నూలులో ఒకామె ఫారాలన్నీ దాదాపు ఒకే వ్యవధిలో ముగుస్తున్నాయని, జీపీఎస్ కూడా ఒకే వీధిలో చూపిస్తోందని సంస్థే మాకు ఫోన్ చేసి చెప్పింది. వాటిని రద్దు చేసి, వేరే మనిషితో అవే వీధుల్లో మళ్లీ చేయించి, ఆ తర్వాతే రెండో విడత బిల్లు పంపారు. ఇప్పుడు కిరాణా అంగళ్లవాళ్ల దగ్గర చేయవలసిన రెండో సర్వేను కూడా వాళ్లకే ఇచ్చాం. దానిలో ముందు ఇచ్చే సగాన్ని మూడోవంతుకు తగ్గించమని చిన్నాయన అడిగారు, రోజుకూలీ ముందుగా కట్టవలసింది వాళ్లే కాబట్టి కుదరదన్నారు, నలభై శాతం దగ్గర తెగింది.